రోగభయము, ఆకలిభయము

(కల్హేరు గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామములో గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచియుండుట సామాన్య విషయము కాదు. అంత కాలములో వానలు కురియని యేండ్లు వచ్చును. పంటకు ధర పలుకని యేండ్లు వచ్చును. జనులు పొట్ట చేతబట్టుకొని వలసపోయిన యేండ్లును వచ్చును. వీనిలో 2020, 2021 సంవత్సరములు ప్రత్యేకముగా తలచుకొనదగినవి. కరోనా రోగము సోకని ఇండ్లు ఉండవచ్చును గాని, దాని భయము సోకని ఇల్లు లేదు.

ఆ భయము రెండు విధములుగా నుండెను. ప్రాణము దక్కునా అనునది ఒకటి. పొయ్యి వెలుగునా అనునది రెండవది. ప్రాణము ముఖ్యమా, పని ముఖ్యమా అని పట్టణములలో విద్వాంసులు వాదించుకొనిరి. ఏనాటి కూలి ఆనాడే తెచ్చుకొని తినువానికి ఆ వాదముతో ప్రసక్తి లేదు. ఆకలిభయము తీరనిచో రోగభయము తీరదనియు, రోగము అదుపునకు రానిచో పని నిలువదనియు అతనికి అనుభవముచేతనే తెలియును. ఈ సత్యమునకు చరిత్రలో గల నిదర్శనములను, వానినుండి గ్రామము గ్రహింపదగిన పాఠమును సభ్యుల ముందుంచుటయే ఈ ప్రసంగోద్దేశము.

తెలంగాణమునకు మహమ్మారులు క్రొత్తవి కావు. పూర్వులు కలరాను గత్తర యనిరి. గత్తర తగిలిన ఊళ్ళలో వేపమండలు కట్టి, అమ్మవారికి బోనములెత్తిరి. ప్లేగు కాలమున ఎలుకలు రాలుట చూచి, ఇండ్లు విడిచి చేలలో గుడిసెలు వేసికొని కాపురముండిరి. హైదరాబాదులో అంటురోగులను వేరుగా నుంచుటకు నిజాము ప్రభుత్వము నెలకొల్పిన క్వారంటైను ఆసుపత్రిని జనులు 'కోరంటి దవాఖాన' యని పిలిచిరి. నల్లకుంటలోని ఆ ఆసుపత్రికి నేటికిని ఆ పేరు వాడుకలో నున్నది. 2020లో పట్టణమంతట వినబడిన క్వారంటైను అను మాట తాతల కాలముననే తెలుగువారి నోట నానినదన్నమాట.

అన్నింటికంటె ఘోరమైనది 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా జ్వరము. అది బొంబాయి రేవునుండి రైలుమార్గముల వెంట దేశమంతట వ్యాపించెను. జూన్ నెలలో వచ్చిన మొదటి విడత కొంత తేలికగా పోయినది. సెప్టెంబరు మొదలుకొని వచ్చిన రెండవ విడత ప్రాణాంతకమయ్యెను. పసివారిని, ముసలివారినే గాక, నాగలి పట్టు వయస్సులోనున్న దృఢకాయులను సైతము అది పెద్ద సంఖ్యలో బలిగొన్నది. ఆ యేడే వానలు తీవ్రముగా విఫలమయ్యెను. ధాన్యపు ధరలు కూలివాని చేతికందని ఎత్తునకు పోయెను. ఆకలిచే నీరసించిన దేహములను జ్వరము సులభముగా లొంగదీసెను. జ్వరముతో మంచమెక్కిన రైతు, చేతికి వచ్చిన కాస్త పంటను కోసికొనలేకపోయెను. దేశములో 1 కోటి 20 లక్షలు మొదలు 1 కోటి 80 లక్షల వరకు జనులు మరణించియుందురని అంచనాలు కలవు. 1911లో 1 కోటి 33 లక్షలకు పైగా నున్న హైదరాబాదు సంస్థాన జనసంఖ్య 1921 నాటికి 1 కోటి 24 లక్షల ప్రాంతమునకు తగ్గిపోయినది. ఆ దశాబ్దమున ప్లేగును, కరవును, ఇన్‌ఫ్లుయెంజాయును కలిసి చేసిన పని యది. ఏది ఎందరిని చంపినదో విడదీసి చెప్పుట కష్టము.

ఇక కరోనా విషయము. ఈ దేశమున మొదటి రోగి 2020 జనవరి 30న కేరళములో బయటపడెను. తెలంగాణములో మొదటి రోగి మార్చి 2న తేలెను. రోగముకంటె ముందు వదంతి పల్లెలకు చేరినది. కోడిమాంసము తిన్నచో కరోనా వచ్చునని ఎవరో పుట్టించిన మాట సెల్ ఫోనులలో ఊరూర ప్రాకెను. కోళ్ల ధర పడిపోయెను. దానితో దాణాకై అమ్ముడుపోవు మక్కల ధరయును తగ్గెను. ప్రజల భయము పోగొట్టుటకై ఫిబ్రవరి నెలాఖరున హైదరాబాదులో రాష్ట్ర మంత్రులు బహిరంగముగా కోడిమాంసము భుజించి చూపవలసి వచ్చెను. రోగి ఒక్కడును లేని దినములలోనే అబద్ధమొకటి కోళ్ల రైతును, మక్కల రైతును అప్పులపాలు చేయగలిగినది.

మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగెను. 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చెను. బస్సులు నిలిచిపోయెను, సంతలు ఆగిపోయెను, కట్టడపు పనులు మూతపడెను. నారాయణఖేడ్ ప్రాంతమున ఊళ్ళనుండి, తండాలనుండి చెరకు నరుకుటకును, హైదరాబాదులో కట్టడపు పనులకును కుటుంబములు వలసపోవుట చిరకాలముగా నున్న వాడుక. వారికి పట్టణములో పని లేదు. ఇంటికి వచ్చుటకు దారి లేదు. తెలంగాణములోని పెక్కు గ్రామములలో పొలిమేరల వద్ద ముండ్లకంపలు, మొద్దులు అడ్డము వేసి దారులు మూసిరి. అట్లు మూసినవారు దుర్మార్గులు కారు, భయపడినవారు. కాని కంపకు ఆవలివైపున మూటలతో నిలిచినవారు పరాయివారు కారు. ఆ ఊరి బిడ్డలే. ఊరిని కాపాడుటయా, బిడ్డను చేర్చుకొనుటయా అను ప్రశ్న ఆనాడు ఎన్నియో తల్లుల గుండెలను కోసినది.

కూలివారిని పంపు ఈ సంగారెడ్డి జిల్లాయే, ఇతర రాష్ట్రముల కూలివారికి పని చూపు జిల్లాయును. కందిలోని ఐఐటీ కట్టడముల వద్ద పనిచేయు ఉత్తరాది కూలీలు నెలకు పైగా అక్కడనే చిక్కుకొని, కూలి డబ్బుకై, ఇంటికి పోవు దారికై ఏప్రిల్ 29న ఆందోళనకు దిగిరి. మే 1వ తేదీ తెల్లవారుజామున లింగంపల్లి స్టేషనునుండి సుమారు 1200 మందితో జార్ఖండులోని హతియాకు రైలు బయలుదేరెను. లాక్‌డౌన్ కాలమున వలస కూలీలకై దేశములో నడచిన మొదటి ప్రత్యేకపు రైలు అదియే. రోగము వచ్చునని తెలిసియు వారు ప్రయాణమునకే సిద్ధపడిరి. పరాయిచోట పస్తులుండుటకంటె ఇంటి గడపలో నుండుట మేలని వారెంచిరి.

1918కిని 2020కిని గల ముఖ్య భేదమును ఇచ్చట గమనింపవలయును. 2020లో గిడ్డంగులలో ధాన్యముండెను. దానిని పంచుటకు రేషను దుకాణములుండెను. ఏప్రిల్ నెలలో రాష్ట్ర ప్రభుత్వము ఆహారభద్రత కార్డులు గలవారికి మనిషికి 12 కిలోల బియ్యమును, కుటుంబమునకు 1500 రూపాయలను ఇచ్చెను. కేంద్రము మనిషికి నెలకు 5 కిలోల ధాన్యమును ఉచితముగా నిచ్చు పథకమును ప్రారంభించి, కొద్ది నెలలు మినహా 2022 డిసెంబరు వరకు కొనసాగించెను. యాసంగి వరిధాన్యమును గ్రామములలోనే కొనిరి. ఉపాధిహామీ పథకము క్రింద 2020-21లో దేశమున సుమారు 389 కోట్ల పనిదినములు కల్పింపబడెను. అంతకుముందెన్నడును అన్ని కల్పింపబడలేదు. అందరి కష్టమును ఇవి తీర్చలేదు. కార్డు లేనివానికి బియ్యము రాలేదు. దూరదేశమున నున్నవానికి కార్డు అక్కరకు రాలేదు. అయినను ధాన్యము చేరిన ఇంట మనిషి పదునాలుగు దినములు గడప దాటకుండ ఉండగలిగెను. చేరని ఇంట జ్వరమును దాచుకొని కూలికి పోయెను. ఆకలిగొన్నవానిని ఇంటిలో కూర్చుండుమనుట వ్యర్థము. కావున మహమ్మారి కాలమున బియ్యపుమూటయును ఔషధమేయని తెలియవలయును.

2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ విడత విజృంభించెను. పడకలకై, ప్రాణవాయువుకై జనులు పడిన పాట్లు వర్ణింపనలవి కావు. బంగారము కుదువబెట్టి, భూమి తాకట్టుబెట్టి పట్టణపు ఆసుపత్రులకు కట్టినవారు ఎందరో. మనిషి పోయెను, అప్పు మిగిలెను. ప్రభుత్వ లెక్కలలో దేశమున మరణించినవారు 5 లక్షల 30 వేలకు పైబడిరి. ఆ రెండేండ్లలో అధిక మరణములు 47 లక్షలుండునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసెను. భారత ప్రభుత్వము దానిని అంగీకరింపలేదు. ఆ చీకటి దినములలో ఇల్లిల్లు తిరిగి జ్వరము విచారించి, మందుల సంచి చేతికిచ్చినవారు ఆశా కార్యకర్తలును, ఏఎన్ఎమ్‌లును. టీకాకు జంకిన ముసలివారిని ఒప్పించినవారును ముఖ్యముగా వారే. తెలిసిన మనిషి నోట వచ్చిన నిజమునకు గల బలము ఏ ప్రకటనకును ఉండదు.

మరియొక నష్టము కలదు. దానిని లెక్కించినవారు తక్కువ. 2020 మార్చిలో మూతపడిన పాఠశాలలు చిన్న తరగతుల పిల్లలకు పూర్తిగా తెరువబడినది 2021 సెప్టెంబరు 1ననే. నడుమ దూరదర్శనులోను, ఫోనులలోను పాఠములు చెప్పబడెను. ఒకే ఫోను గల ఇంట తండ్రి ఆ ఫోనుతో పనికి పోయినచో, పిల్లవాని పాఠమును అతనితోనే పోయెను. ఒకటవ తరగతిలో అక్షరములు దిద్దవలసిన పిల్లలు పలక ముట్టకయే పై తరగతికి పోయిరి. పోయిన పంటను మరుసటేడు పండించుకొనవచ్చును. పోయిన చదువును ఎవరైన దగ్గర కూర్చుండబెట్టుకొని నేర్పిననే గాని రాదు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించెను. కాని మరియొక మహమ్మారి రాదని ఎవ్వరును చెప్పలేదు. వచ్చుటకు ముందే గ్రామము సిద్ధపరచుకొనదగినవి కొన్ని కలవు. వలసపోయినవారి పేర్లు, వారున్న చోటు, కార్డు గలదా లేదా అను వివరములు పంచాయతిలో వ్రాసియుంచవలయును. వచ్చినవారిని వేరుగానుంచి అన్నము పెట్టుటకు ఒక చోటు ముందే నిర్ణయించుకొనవలయును. అట్లయినచో పొలిమేరలో కంప వేయవలసిన పని యుండదు. ఒంటరి వృద్ధులు, గర్భిణులు ఏ ఇండ్లలో నున్నారో ఆరోగ్య కార్యకర్తలతోపాటు యువకులకును తెలిసియుండవలయును.

మిగిలినది గ్రంథాలయము చేయదగిన పని. పత్రికలో వచ్చిన నిజమైన వార్తను చదువురాని వారికి చదివి వినిపించుటయు, ఫోనులో వచ్చిన మాటను వైద్యుని విచారింపక పదిమందికి పంపకుండుటయు ఇచ్చటనే అలవడవలయును. సాయంకాలమున ఒక గంట, చదువు వెనుకబడిన పిల్లలను ఈ బల్లల వద్ద కూర్చుండబెట్టుకొని చదివించు యువకులు నలుగురు ముందుకు వచ్చినచో, అదియే ఈ రజతోత్సవమునకు తగిన కానుక. వారి పేర్లు ఈ సభ ముగియుటకు పూర్వమే గ్రంథపాలకుని పుస్తకములో వ్రాయబడుగాక!

స్వస్తి.