రమ్మీలో మొదటి చెయ్యి
(వరంగల్‌లో మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన గదిలో పేక చప్పుడే ఎక్కువ గనుక, నన్ను దాని మీదే మాట్లాడమన్నారు. పదమూడు ముక్కల రమ్మీలో పంచినవాడి పక్కనున్నవాడిది మొదటి చెయ్యి. తక్కినవాళ్లు ముందువాడు ఏం ఎత్తాడో, ఏం పారేశాడో చూసి తేల్చుకుంటారు. ఇతనికి కనిపించేది తన ముక్కలు, జోకరు, ఒక్క ఓపెన్ ముక్క. స్కూటైతే 20, మధ్యలో వదిలితే 40. లైఫ్ పడకుండానే ఎదుటివాడు షో చెబితే చేతిలో ఉన్నదంతా లెక్కే, 80 దాకా. అందుకే ఒక్క జోకరును నమ్ముకుని మొదటి చేతిలో దిగడం నాకు నచ్చదు. అవే ముక్కలు చివరివాడికి వచ్చి, ముందు ఇద్దరు స్కూటై ఉంటే ఆడమంటాను. పోకర్‌లోనూ అంతే. ముందు కూర్చుని పందెం పెంచేవాడి వెనక ఇంకా ఎందరో మాట్లాడాల్సి ఉంటుంది. గట్టి చెయ్యి ఉంటేనే పెంచాలి.

సికింద్రాబాద్ క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీలో ప్రధానం నేర్పేనంది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి కదా! ఆ తీర్పు చూపి డబ్బాటకు పిలిచే మిత్రులకు ఒక మనవి: 2017లో తెలంగాణ చట్టం మారింది. పందెం కాస్తే రమ్మీకి ఆ మినహాయింపు లేదు. పెన్షను డబ్బు బల్ల మీదికి తేకండి. ఇక్కడ లెక్క కాగితం మీదే, టీ ఖర్చు సంఘానిదే.