చలి రాకపోతే మామిడి పూత ఏమవుతుంది?

జపాన్‌లోని క్యోటోలో చెర్రీ చెట్లు ఎప్పుడు విరగబూశాయో 1200 ఏళ్ళ కిందటి నుంచి రాజుల, సన్యాసుల డైరీల్లో రాసిపెట్టారు. 2021లో మార్చి 26కే నిండుగా పూసేశాయి. ఆ రికార్డుల్లో అప్పటిదాకా అంత తొందరగా పూసిన ఏడాది లేదు. వేడి పెరిగితే వసంతం ముందే వచ్చేస్తుంది, అంతే కదా అనుకున్నా నేను.

నూజివీడు దగ్గర మా తాతయ్య తోటలో కథ వేరు. డిసెంబరులో మామిడి కొమ్మలకి ఎర్రటి లేత చిగుళ్ళు చూసి, "భలే ఉంది తాతయ్యా" అంటూ ఫోటో తీశా. ఆయన మొహం మాడిపోయింది. "ఇప్పుడు చిగురేస్తే పూత ఎక్కడొస్తుందిరా?" అన్నారు.

విషయం ఏంటంటే, మామిడి కొమ్మ పూతకి తిరగాలంటే కొన్ని వారాలు చల్లటి రాత్రులు కావాలి. రాత్రుళ్ళు వెచ్చగా ఉంటే అదే మొగ్గ ఆకులుగా విచ్చుకుంటుంది. ఆ చిగురు ముదిరేదాకా పూత ఆగాల్సిందే. ఆలస్యంగా వచ్చిన పూతకి ఎండ దెబ్బ, పిందె రాలిపోతుంది. నిలబడిన కాయ మీదకి వేసవి ఈదురుగాలులు. తోట మీద తెచ్చిన అప్పు మాత్రం టైముకే కట్టాలి.

ఆ ఫోటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. స్టేటస్ పెట్టలేదు.