సగటు మాటున మన పిల్లలు
(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దేశం బాగుందా లేదా అని తేల్చడానికి పాలకులు చాలా లెక్కలు చెప్తారు. రోడ్లెన్ని, ఎగుమతులెంత, తలసరి ఆదాయమెంత. మేము ఇవాళ ఒక్క లెక్క గురించే మాట్లాడదలిచాం. పిల్లల ఎత్తు లెక్క.

నవ్వకండి. అయిదేళ్ల లోపు బిడ్డ వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదంటే ఆ బిడ్డకి తిండి చాల్లేదని, మాటిమాటికీ విరేచనాలూ జ్వరాలూ పట్టుకున్నాయని, తల్లి కడుపుతో వున్నప్పుడు ఆమెకీ తిండి లేదని అర్థం. ఒక పూట పస్తుంటే ఎత్తు తగ్గదు. ఏళ్ల తరబడి ఆకలి ఎముకల మీద రాసిన లెక్క అది. దీన్నే గిడసబారడం అంటున్నారు.

1992-93 నుంచీ ప్రభుత్వం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చేయిస్తోంది. 2019-21 సర్వేలో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 35.5 మంది గిడసబారినవాళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1. తెలంగాణలో 2015-16లో 28 వుండేది, తగ్గాల్సింది పోయి పెరిగింది.

సరే, ఇదంతా అందర్నీ కలిపిన లెక్క. దొర బిడ్డనీ పాలేరు బిడ్డనీ ఒకే జాబితాలో కలిపేసి 'మన దేశపు పిల్లలు' అనడం. విడదీసి చూడండి. 2015-16 సర్వేలో గిడసబారిన పిల్లలు ఎస్సీల్లో నూటికి 43, ఎస్టీల్లో 44. ఎస్సీ, ఎస్టీ, బీసీ కాని 'ఇతరుల్లో' 31. ఒకే దేశం, ఒకే ఏడు, ఒకే కొలబద్ద. మనకీ వాళ్లకీ నూటికి పన్నెండు మంది పిల్లల తేడా.

ఇక్కడ కొందరు చదువుకున్న పెద్దలు అడ్డం పడతారు. ఇండియావాళ్లు పుట్టుకతోనే పొట్టి, కొలబద్దే తప్పు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన కొలబద్ద తెల్లవాళ్ల పిల్లల్ని చూసి మాత్రమే చేసింది కాదు. బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమాన్, అమెరికాలతో పాటు మన ఢిల్లీలోనూ పిల్లల్ని కొలిచారు. తల్లిపాలు తాగి, శుభ్రమైన ఇళ్లలో, కరువు లేకుండా పెరుగుతున్న పిల్లలు వాళ్లు. ఆరు చోట్లా ఎదుగుదల దాదాపు ఒక్కతీరే వుంది! మన పొట్టితనం రక్తంలోనే వుందనేవాళ్లు, మన పేదరికం కర్మలోనే వుందన్నవాళ్ల మనవలే.

ఇంకో సంగతి. సర్వేవాళ్లు దేశమంతా కొన్ని ఇళ్లే చూస్తారు. మన వాడ లెక్క రోజూ రాయాల్సింది అంగన్‌వాడీ రిజిస్టర్లో. 1975లో మొదలైన పథకం ఇది. మేము తిరిగిన చాలాచోట్ల సెంటరు ఊళ్లో వుంది, మనం వాడలో వున్నాం. తల్లి పొద్దున్నే కూలికి పోతుంది. మూడేళ్ల బిడ్డ రోడ్డు దాటి ఒంటరిగా ఎట్లా వస్తుంది? రాని బిడ్డకి గుడ్డూ లేదు, తూకమూ లేదు.

2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఏం చెప్పిందో మనలో ఎందరికి తెలుసు? కొత్త సెంటర్లు పెట్టేటప్పుడు ఎస్సీ, ఎస్టీ వాడలకి ముందు ఇవ్వాలంది. సెంటరు లేని పల్లెలో ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది వుండి, అక్కడివాళ్లు అడిగితే మూడు నెలల్లో పెట్టాలంది. అడిగితే అంది. అడగాలంటే ముందు మన చేతిలో లెక్క వుండాలి గదా.

కాబట్టి వచ్చే పదిహేను రోజుల్లో ప్రతి వాడలో ఒక నోటుబుక్కు తెరవండి. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, పుట్టుక రిజిస్టరయిందా లేదా, బరువు, ఎత్తు, సెంటరు ఎంత దూరం. పుట్టిన తేదీ దగ్గర జాగ్రత్త. మూడేళ్ల బిడ్డని రెండేళ్లని రాస్తే, గిడసబారిన బిడ్డ ఒక్క కలంపోటుతో ఆరోగ్యవంతుడైపోతాడు. పుట్టిన 21 రోజుల్లోపే పంచాయతీలో రాయించండి.

అంగన్‌వాడీ టీచరుతో గొడవ పెట్టుకోవద్దు. ఆమె కూడా చాలీచాలని జీతం మీదే బతుకుతోంది, చాలాచోట్ల మన ఆడబిడ్డే. తూకం ఆమెని అడిగి తెచ్చుకోండి. లెక్క ముగిసి పిల్లలు 40 మంది తేలితే, అర్జీ రెండు కాపీలు రాయండి. ఒకటి సీడీపీవో ఆఫీసులో ఇచ్చి, రెండో దానిమీద అందినట్టు సంతకమూ తేదీ ముద్రా వేయించుకోండి. మూడు నెలల గడువు ఆ తేదీ నుంచే మొదలు.