మంత్రి కాని విద్యామంత్రి



నెమలి వేణుగోపాలస్వామి సన్నిధిలో సాహిత్య సభ అనగానే ఒప్పేసుకున్నాను. అధ్యక్షపీఠం కూడా నాకే అంటగడతారని వచ్చాక తెలిసింది. పాఠాలు చెప్పినవాళ్లు విద్యాశాఖను ఏలితే ఏమవుతుందన్నది ఈనాటి చర్చ. ఢిల్లీలో అలాంటివారున్నారు. ఆర్థికశాస్త్రాచార్యులు వి.కె.ఆర్.వి. రావు 1969లో కేంద్ర విద్యామంత్రి అయ్యారు. మన కాలేజీ పిల్లలు క్యాంపులకెళ్లే ఎన్.ఎస్.ఎస్. ఆ ఏడే పుట్టింది. చరిత్రాచార్యుడు నూరుల్ హసన్ హయాంలో, 1974లో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం వచ్చింది. వాళ్ల సంగతి పత్రసమర్పకులు చూసుకుంటారు. నేను మాత్రం మంత్రి కాని ఒక ఆచార్యుడి గురించి మాట్లాడతాను. ఆయన కట్టమంచి రామలింగారెడ్డి.

మనకాయన ‘ముసలమ్మ మరణం’ రాసిన కవి, ‘కవిత్వతత్త్వ విచారం’తో పండితుల్ని ఉలిక్కిపడేలా చేసిన విమర్శకుడు. కేంబ్రిడ్జిలో చదివి, బరోడాలో, మైసూరులో పాఠాలు చెప్పి, చివరకు మైసూరు సంస్థానపు విద్యాశాఖకే అధిపతి అయ్యారు. అంటరానివారని గడప బయట నిలబెట్టిన పిల్లల్ని సర్కారు బడుల్లో చేర్చుకోవాల్సిందేనని అక్కడ పట్టుబట్టారు. మంత్రి హోదా లేదు గానీ, చేసింది మంత్రి పనే.

1921లో ఆ కొలువు వదిలి మద్రాసు రాజకీయాల్లోకి దిగారు. అధికారంలో ఉన్న జస్టిస్ పార్టీతో చెడింది. 1923 నవంబరులో ఆ పార్టీకి చెందిన పానగల్లు రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. అనుకూలంగా 44 ఓట్లు, వ్యతిరేకంగా 65. తీర్మానం వీగిపోయింది. ఆ మంత్రివర్గంలో విద్యామంత్రి బరంపురం వకీలు ఎ.పి. పాత్రో. ఆ పాత్రోగారే 1925లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బిల్లు నెగ్గించారు. మరుసటేడు బెజవాడలో వెలసిన ఆ విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ ఎవరు? రెడ్డిగారే! ఏ మంత్రివర్గాన్ని కూల్చబోయారో, అది తెచ్చిన చట్టమే ఆయనకు జన్మకు సరిపడా పని చూపించింది.

(నాలుగేళ్లకే విశ్వవిద్యాలయం వాల్తేరు వెళ్లిపోయిందన్న గుర్రు మన ఉమ్మడి కృష్ణా జిల్లా పెద్దలకు ఇప్పటికీ ఉంది. అది ఇవాళ తేలదు.)

నా అభిప్రాయం చెప్పేస్తాను, కాదనేవారు మధ్యాహ్నం కాదనండి. రెడ్డిగారు మంత్రి కాకపోవడమే మనకు మేలైంది. ప్రధాన కేంద్రం మాకంటే మాకని ఊళ్లన్నీ పేచీ పడుతుంటే, ఓట్లు కూడగట్టి బిల్లు గట్టెక్కించాలంటే వకీలు ఓపిక కావాలి. పాత్రోకు అది ఉంది. రెడ్డిగారిది చమత్కారంతో ఎదుటివాణ్ణి గిల్లే నోరు. బిల్లు ఆయన చేతిలో పడితే నలుగుర్ని నవ్వించి, నలభైమందిని దూరం చేసుకునేవారు. కానీ చట్టం చేతికొచ్చాక దానికి ప్రాణం పోయడం పాత్రో వల్ల అయ్యే పని కాదు.

ఇంకొకటి. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆయన వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా ఇచ్చేశారు. పార్టీ, అనుచరులు, నియోజకవర్గం చుట్టూ అల్లుకున్న మంత్రికి అంత తేలిగ్గా కాగితం రాసిచ్చే వీలుండేదా? ఆయన తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. 1936లో రెడ్డిగారు మళ్లీ అదే కుర్చీలోకి వచ్చి 1949 దాకా ఉన్నారు. అలిగి వెళ్లినవాణ్ణి తిరిగి పిలిచే మర్యాద విశ్వవిద్యాలయానికి ఉంది, మంత్రివర్గాలకు అరుదు.

కార్యక్రమ పత్రం చూశాను. ‘కవిత్వతత్త్వ విచారం’ మీద పత్రాలున్నాయి, సంతోషం. రెడ్డిగారు తెలుగులో రాసిన ‘అర్థశాస్త్రము’ మీద ఒక్కటీ లేదు. డబ్బు లెక్కల్ని తెలుగులో చెప్పగలనన్న ఆ ధీమా మీద, భోజనాలయ్యాక ఎవరైనా పది నిమిషాలు మాట్లాడితే నా సమయంలోంచి ఇస్తాను. మొదటి వక్తను వేదిక మీదకు ఆహ్వానిస్తున్నాను.