నాలుగు వేల ఏళ్ల నాటి సాక్షి
(జింగనూర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సిరోంచ తాలూకా నేలలో దొరికే ఎముకలకు శాస్త్రలోకంలో పేరుంది. డైనోసార్ల కాలపు రాతిపొరలకు ప్రాణహిత ఒడ్డునున్న మన కోట గ్రామం పేరే పెట్టారు. వడధంలో శిలాజాల పార్కు వెలసింది. అవి కోట్ల సంవత్సరాల నాటి జంతువుల అస్థికలు. నేడు నేను ప్రస్తావించదలచినది మనుషుల అస్థికలను, వాటిలో భద్రంగా ఉన్న ఒక వ్యాధి చరిత్రను.

పూర్వుల ఎముకలను, చెడకుండా నిలిచిన మృతదేహాలను పరీక్షించి ఆనాటి రోగాలను తెలుసుకొనే విద్యను ప్రాచీన వ్యాధిశాస్త్రం అంటారు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీ గురించి మీలో కొందరు వినే ఉంటారు. అటువంటి మమ్మీల మూత్రపిండాలలో, మూడు వేల ఏళ్లు గడిచినా చెక్కుచెదరని పరాన్నజీవుల గుడ్లను మార్క్ ఆర్మండ్ రఫర్ అనే వైద్యుడు 1910లో గుర్తించాడు. మన నేలలో మాంసం నిలవదు, ఎముకే మిగులుతుంది. అదీ అన్ని రోగాలనూ చెప్పలేదు. కలరా వంటి జబ్బు ఎముకను తాకేలోపే ప్రాణం తీస్తుంది. క్షయ, కుష్ఠు వలె ఏళ్ల తరబడి పీడించే వ్యాధులే అస్థికలపై ముద్ర వేస్తాయి.

కుష్ఠును తెలుగులో పెద్దరోగమన్నాం, మరాఠీలో మహారోగమన్నారు. భాషలు రెండైనా భయం ఒక్కటే. ఆ రోగానికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొన్నాడు. శరీరంలో చల్లగా ఉండే భాగాలంటే దానికి ఇష్టం. అందుకే ముక్కు ఎముక, పైదవడ ముందుభాగం అరిగిపోతాయి, వేళ్ల ఎముకలు సన్నబడతాయి. ఒక్క గుర్తును చూసి శాస్త్రజ్ఞులు తీర్పు చెప్పరు. అనేక గుర్తులను కలిపి చూస్తారు.

రాజస్థాన్‌లోని ఉదయపూర్ సమీపాన బాలాథల్ అనే ప్రాచీన గ్రామం తవ్వకాలలో ఒక నడివయసు పురుషుని అస్థిపంజరం లభించింది. పుణె దక్కన్ కళాశాల పరిశోధకులు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి పరీక్షించి, ఆయనకు కుష్ఠు ఉండేదని 2009లో ప్రకటించారు. ఆయన జీవించినది సుమారు క్రీ.పూ. 2000 ప్రాంతంలో. రాతిగోడల ఆవరణలో, కాలిన పేడ బూడిద మధ్య ఆయనను పాతిపెట్టారు.

ఆయనను ఊరివారు ఆదరించారా, వెలివేశారా? న్యాయవాదిగా నేను నేర్చిన మొదటి పాఠం, సాక్షి చెప్పని మాటను సాక్షి నోట పెట్టరాదని. ఆ ఎముకలు ఆదరణను గురించీ చెప్పవు, వెలిని గురించీ చెప్పవు. కాని ఒక మాట నిస్సందేహంగా చెబుతాయి: అది ముక్కునూ దవడనూ తిన్న ఒక వ్యాధి. పాపానికి ఎముకపై గుర్తు ఉండదు.

చట్టానికి ఈ వివేకం ఆలస్యంగా కలిగింది. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టం ప్రకారం, ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాలలో బిచ్చమెత్తే రోగిని పోలీసు వారెంటు లేకుండానే నిర్బంధించవచ్చు. ఆ చట్టం 2016లో గాని రద్దు కాలేదు. కుష్ఠు సోకిందన్న కారణంతో విడాకులు కోరే వీలును 2019లో పార్లమెంటు తొలగించింది. వ్యాధి నయమైనా అంగవైకల్యం మిగిలినవారికి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రక్షణ కల్పించింది. ఈ సంగతి తెలియక, జబ్బు సోకిన కోడలిని పుట్టింటికి పంపడం న్యాయసమ్మతమేనని నేటికీ ఎవరైనా నమ్మితే, ఆ నమ్మకానికి చట్టంలో ఆధారం లేదు.

మందుకూ కొదువ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. రోగ తీవ్రతను బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు వాడాలి. బాలాథల్ మనిషికి దక్కని అదృష్టమిది. వంకర తిరగకముందే వేళ్లను కాపాడుకోవచ్చు.

అయితే, మొదటి లక్షణం తరచుగా స్పర్శ లేని మచ్చ. ఎక్స్‌రేకు అది దొరకదు. కళ్లు మూయించి, తాకి, "తెలుస్తున్నదా?" అని అడగాలి. ఎముకను చదవడానికి ఎముక భాష వస్తే చాలు. బ్రతికి ఉన్న మనిషిని పరీక్షించడానికి ఆ మనిషి భాష రావాలి. మన అవ్వకు అర్థం కాని భాషలో ప్రశ్న అడిగితే, ఆమె తల ఊపుతుంది. ఆ తల ఊపు చీటీలో "స్పర్శ ఉన్నది" అని నమోదవుతుంది. రెండేళ్లకు చేయి వంకర పోతుంది.

కనుక సోదరులారా, ఆరోగ్య సర్వేకు ఎవరు వచ్చినా తెలుగువారిని తెలుగులో, మాడియావారిని మాడియాలో అడగాలని కోరండి. చదువుకున్న పిల్లలు పక్కన నిలిచి మాట అందించండి. ఇంట్లో ఎవరికైనా మొద్దుబారిన మచ్చ కనిపిస్తే దాచకండి, ఆ వారంలోనే చూపించండి.