142857: ఒక సంఖ్య చెప్పే సమాధానం

(వజ్రోత్సవానంతర ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



“తెలుగులో లెక్కలు నేర్చిన బిడ్డ పై చదువులలో వెనుకబడడా?” అని ఏటేటా ప్రవేశాల వేళ తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఆ భయం సహజమే. నేడు దానికి ఒక సంఖ్య ద్వారా సమాధానం చెప్పదలచాను. ఆ సంఖ్య 142857.

దీనిని రెండుతో గుణిస్తే 285714, మూడుతో 428571, నాలుగుతో 571428, ఐదుతో 714285, ఆరుతో 857142. అంకెలు అవే, వరుస అదే. మొదలు మాత్రమే మారుతుంది. అందుచేత దీనిని చక్రీయ సంఖ్య అంటారు. ఏడుతో గుణించగానే 999999 వచ్చి చక్రం ఆగుతుంది.

దీనికి కారణం భాగహారంలో ఉన్నది. ఒకటిని ఏడుతో భాగిస్తే దశాంశ బిందువు తరువాత ఈ ఆరు అంకెలే ఆవర్తనమవుతాయి. మెట్టు మెట్టుకూ మిగిలే శేషాలు 3, 2, 6, 4, 5, 1. సున్నా గాక ఏడుకు రాదగిన శేషాలు ఆరే; ఆ ఆరూ ఒక్కొక్కసారి వచ్చి, చివరకు ఒకటిని చేరాయి. రెండును ఏడుతో భాగించడమంటే అదే చక్రంలో రెండు అనే శేషం వద్ద ప్రవేశించడమే. పదమూడుకు ఈ గుణం లేదు; దాని శేషాలు రెండు చక్రాలుగా విడిపోతాయి. పదిహేడుకు మరల ఉన్నది.

ఈ సంఖ్య ప్రధాన సంఖ్య కాదు. 27, 11, 13, 37ల లబ్ధం. దీని అంకెల మొత్తం 27 దీనిని నిశ్శేషంగా భాగిస్తుంది. అట్టి వాటికి ‘హర్షద సంఖ్యలు’ అని పేరు పెట్టినవారు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ (1905–1986). దీని వర్గం 20408122449. దానిని 20408, 122449 అని విడదీసి కూడితే మరల 142857 వస్తుంది. ఇట్టివి ఆయన పేరిటనే కాప్రేకర్ సంఖ్యలైనాయి.

ఆయన మన మహారాష్ట్రలోనే, నాసిక్ చెంత దేవళాలిలో 1930 నుండి 1962 వరకు బడిపంతులు. 1975లో మార్టిన్ గార్డినర్ ‘సైంటిఫిక్ అమెరికన్’లో వ్రాసిన పిదప ఆయన పేరు దేశదేశాలకు తెలిసింది. ఇక మన భాష మాటకు వస్తే, మహావీరాచార్యుల సంస్కృత ‘గణితసారసంగ్రహా’న్ని పావులూరి మల్లన 11వ శతాబ్దిలోనే తెలుగు పద్యాలలోకి తెచ్చారు. తెలుగుకు లెక్క కొత్త కాదు.

చక్రం ఎందుకు మూసుకొన్నదో ‘శేషం’ అనే మాటతో గ్రహించిన బాలిక, రేపు మరో భాషలో ఆ మాటకు పేరు మాత్రమే నేర్చుకొంటుంది. భావం ఆమె వద్ద ఉండనే ఉన్నది. భావం అందని బిడ్డకు ఏ మాధ్యమమైనా కంఠస్థమే గతి.

కనుక తల్లిదండ్రులకు ఒక విన్నపం: బిడ్డ “ఎందుకు?” అని అడిగినపుడు “మార్కులకు అది అక్కరలేదు” అనకండి. సహోపాధ్యాయులకు మరొకటి: ఒకటిని ఏడుతో భాగించే లెక్కను ప్రతి బిడ్డ చేత పలకపై, చక్రం తిరిగి వచ్చేదాకా చేయించండి. అందుకొక పీరియడు పూర్తిగా గడిచినా అది వృథా కాదు.

సెలవు.