గోళం నుంచి త్రిభుజాల దాకా: రాడార్ ప్రతిధ్వనిని లెక్కగట్టిన చరిత్ర



మా మాస్టారు విద్యుదయస్కాంత సిద్ధాంతం చెబుతూ ఏ సూత్రం రాయించినా, అది ఎక్కడ చెల్లదో కూడా దాని పక్కనే రాయించేవారు. ఈ రోజు నేను చెప్పబోయే చరిత్రను అర్థం చేసుకోవడానికి ఆ అలవాటు చాలు. రాడార్ తరంగం ఒక వస్తువును తాకితే ఎంత వెనక్కి వస్తుంది? ఈ ప్రశ్నకు వందేళ్లకు పైగా లెక్కలు కడుతూనే ఉన్నారు. ప్రతి పద్ధతీ దేన్నో ఒకదాన్ని వదిలేసి ముందుకు నడిచింది. ఏం వదిలేశారో తెలిసినంతవరకే ఆ లెక్క మీద నమ్మకం.

ముందు కొలమానం సంగతి. వస్తువు రాడార్ వైపు తిప్పి పంపే బలాన్ని చదరపు మీటర్లలో చెబుతాం. దాని పేరు రాడార్ క్రాస్ సెక్షన్. ఇది వస్తువు సైజు కాదు. ఒక చదరపు మీటరు చతురస్రపు లోహపు రేకును 10 గిగాహెర్ట్జ్ రాడార్‌కు ఎదురుగా నిలబెట్టండి. తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లు. వైశాల్యం వర్గాన్ని నాలుగు పై చేత గుణించి, తరంగదైర్ఘ్యం వర్గంతో భాగిస్తే దాదాపు 14,000 చదరపు మీటర్లు వస్తుంది. అంతే నీడ పడే లోహపు గోళానికి వచ్చేది ఒక్క చదరపు మీటరే. ఇక ఆ రేకును 0.86 డిగ్రీలు పక్కకు తిప్పండి, అంత పెద్ద ప్రతిధ్వనీ దాదాపు సున్నాకు పడిపోతుంది. ఆకారం, కోణం, తరంగదైర్ఘ్యం, ఈ మూడింటిదే పెత్తనం.

ఇంకో చిక్కు ఉంది. రాడార్ చూపు మేర ఈ క్రాస్ సెక్షన్ నాలుగో మూలాన్ని బట్టి మారుతుంది. ప్రతిధ్వనిని పదహారో వంతుకు తగ్గిస్తే దూరం తగ్గేది సగమే. కనబడకుండా పోవాలంటే వేల వంతులు తగ్గించాలి. అంత తగ్గింపు అంచనాలతో అయ్యే పని కాదు.

మాక్స్‌వెల్ తన సమీకరణాల సిద్ధాంతాన్ని 1865లో ప్రకటించాడు. 1880ల చివర్లో హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను పుట్టించి, లోహపు రేకు మీద నుంచి తిరిగి వస్తాయని చూపించాడు. 1904లో జర్మనీలోని కొలోన్‌లో హుల్స్‌మయర్ ఓడలను పసిగట్టే యంత్రాన్ని ప్రదర్శించాడు. కానీ ప్రతిధ్వనిని పూర్తిగా లెక్కగట్టగలిగిన ఆకారాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. వాటిలో మకుటం లేని మహారాజు గోళం. 1908లో గుస్తావ్ మీ దాని జవాబును అనంత శ్రేణిగా రాశాడు. ఆయన చూస్తున్నది రాడార్‌ను కాదు, నీళ్లలో తేలే బంగారు రేణువుల రంగులను. గోళం తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నదైతే ప్రతిధ్వని రేలీ చెప్పినట్టు తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతంతో పడిపోతుంది. చుట్టుకొలత తరంగదైర్ఘ్యానికి సమానమయ్యే దగ్గర నీడ వైశాల్యానికి మూడున్నర రెట్లు దాటుతుంది. ఇంకా పెద్దదైతే నీడ వైశాల్యం దగ్గర స్థిరపడుతుంది. ఈ మూడు దశలూ ఒకే శ్రేణిలో దొరుకుతాయి కనుకనే ఈనాటికీ ప్రతి కొత్త కోడ్‌కూ మొదటి పరీక్ష గోళమే.

విమానం గోళం కాదు కదా. అందుకని తొలినాళ్ల ఇంజనీర్లు భౌతిక దృశా పద్ధతిని పట్టుకున్నారు. తరంగం పడిన ప్రతి చోటా ఉపరితలం అనంతమైన చదును రేకులాగే ఉందనుకుని, అక్కడ పుట్టే విద్యుత్ ప్రవాహాన్ని రాసుకుని, అన్నిటినీ కూడడం ఆ పద్ధతి. ఎదురుగా ఉన్న రేకుకు ఇది చక్కగా పనిచేస్తుంది. రేకు పక్కకు తిరిగిందా, ప్రతిధ్వనిలో పెద్ద వాటా అంచులది అవుతుంది. అంచు దగ్గర ఉపరితలం అనంతమని ఎలా అనుకుంటాం? సోమర్‌ఫెల్డ్ 1896లోనే పదునైన ఒక్క అంచుకు కచ్చితమైన సాధన ఇచ్చాడు. దాన్ని మామూలు ఆకారాలకు తెచ్చి అతికించడానికి మరో ఆరున్నర దశాబ్దాలు పట్టింది. 1962లో అమెరికాలో జోసెఫ్ కెల్లర్ అంచుల నుంచి కిరణాలు చిమ్ముతాయన్న సిద్ధాంతాన్ని ప్రచురించాడు. అదే ఏడాది మాస్కోలో ప్యోతర్ ఉఫిమ్‌త్సెవ్ అంచు దగ్గర అదనంగా పుట్టే ప్రవాహాన్ని లెక్కగట్టే పుస్తకం వేశాడు.

ఆ పుస్తకాన్ని 1971లో అమెరికా వైమానిక దళం ఇంగ్లీషులోకి అనువదింపజేసింది. విమాన సంస్థ లాక్‌హీడ్‌కు చెందిన స్కంక్ వర్క్స్ విభాగంలో డెనిస్ ఓవర్‌హోల్సర్ దాన్ని చదివాడు. 1970ల మధ్యలో అక్కడ తయారైన ఎకో-1 ప్రోగ్రాముకు వంపులు తిరిగిన ఉపరితలం లెక్కించే శక్తి లేదు. అందుకే విమానాన్నే చదును పలకలతో కట్టారు. అలా కట్టిన హ్యావ్ బ్లూ 1977 డిసెంబరు 1న ఎగిరింది. దాని వారసుడు ఎఫ్-117 1981లో ఎగిరింది, 1988 దాకా లోకానికి చెప్పలేదు. ఆ కోసుగా ఉన్న రూపం వెనక సౌందర్యదృష్టి ఏమీ లేదు, లెక్క పరిమితే విమానం ఆకారమై కూర్చుంది. ఎవరూ దాచిపెట్టకుండా అచ్చేసిన పుస్తకం ఎక్కడికి చేరి ఏం చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇదంతా ఈ చరిత్రలో ఒక పాయ. రెండో పాయ అంచనాలను పక్కనబెట్టి సమీకరణాలనే కంప్యూటర్‌కు ఇచ్చింది. 1966లో కేన్ యీ స్థలాన్నీ కాలాన్నీ చిన్న గళ్లుగా కోసి మాక్స్‌వెల్ సమీకరణాలను అడుగడుగునా నడిపించాడు. 1968లో సిరక్యూజ్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజర్ హారింగ్‌టన్ మొమెంట్ పద్ధతిని పుస్తకంగా తెచ్చాడు. ఉపరితలం మీది ప్రవాహాన్ని తెలియని ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకూ మిగతా ముక్కలన్నిటితో ఉన్న సంబంధాన్ని ఒక పెద్ద మాత్రికలో రాసి సాధించడం అందులో పని.

ముక్కలు చేసేదెలా? మొదట్లో విమానాన్ని తీగల వలగా ఊహించేవారు. వల కన్నాల మధ్య నిజమైన లోహం ఉండదు కనుక చిక్కులు వచ్చేవి. ఇక్కడ మనవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన పేరు ఒకటుంది. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో మాస్టర్స్ చేసిన సదాశివ ఎం. రావు మిసిసిపీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశారు. డొనాల్డ్ విల్టన్, అలెన్ గ్లిసన్‌లతో కలిసి 1982లో ఆయన ప్రచురించిన వ్యాసంలో ఆలోచన ఇది: ఉపరితలాన్ని త్రిభుజాలుగా కోయాలి, తెలియని రాశిని త్రిభుజానికి కాక రెండు త్రిభుజాలు కలిసే అంచుకు కట్టాలి. ప్రవాహం ఒక త్రిభుజం ఎదురు మూల నుంచి బయల్దేరి ఉమ్మడి అంచును దాటి రెండో త్రిభుజం మూలకు చేరుతుంది. ఒక పక్క నుంచి అంచుకు వచ్చినంతా రెండో పక్కకు పోతుంది కనుక అంచు గీత మీద లేనిపోని ఆవేశం పోగుపడదు. ముగ్గురి పేర్లలోని మొదటి అక్షరాలతో ఆర్‌డబ్ల్యూజీ అని పిలిచే ఈ ప్రమేయాలు ఈనాటికీ ఈ రంగంలో ప్రామాణికం.

ఇంతా చేస్తే ఖర్చు మాటేమిటి? 150 చదరపు మీటర్ల ఉపరితలం ఉన్న విమానాన్ని 10 గిగాహెర్ట్జ్ దగ్గర, తరంగదైర్ఘ్యపు చదరానికి వంద చొప్పున ముక్కలు చేస్తే తెలియని రాశులు కోటీ అరవై లక్షలు దాటుతాయి. మాత్రిక నింపడానికే రెండు పెటాబైట్లకు పైగా మెమరీ కావాలి. పౌనఃపున్యం రెట్టింపైతే మెమరీ 16 రెట్లు, నేరుగా సాధించే శ్రమ 64 రెట్లు.

దీన్ని దాటించింది యంత్రాల వేగం ఒక్కటే కాదు. ఒక ఊరి ఉత్తరాలన్నీ ఒకే సంచిలో కట్టి దూరపు ఊరికి పంపి అక్కడ పంచినట్టు, దగ్గరగా ఉన్న ముక్కల ప్రభావాన్ని మూటగట్టి దూరపు గుంపుకు ఒకేసారి చేరవేయవచ్చని రోఖ్లిన్ 1990లో చూపించాడు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో వెంగ్ చో చ్యూ బృందం 1997 నాటికి దాన్ని అంచెలంచెల పద్ధతిగా పెంచింది. రాశుల వర్గంతో పెరిగే పని, దాదాపు రాశుల సంఖ్యతోనే పెరగడం మొదలెట్టింది.

ఇన్ని వచ్చినా జాగ్రత్త తప్పదు. మూసి ఉన్న లోహపు వస్తువుకు ఒక రకం సమాకలన సమీకరణం ఒక్కటే వాడితే, లోపలి బోలు అనునాదించే పౌనఃపున్యాల దగ్గర లెక్క దారి తప్పుతుంది. తెర మీది రంగుల బొమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు అందంగానే ఉంటుంది. రెండు రకాల సమీకరణాలను కలిపితే ఆ జబ్బు పోతుందని మాట్జ్, హారింగ్‌టన్ 1978లోనే చెప్పారు.

విద్యార్థి మిత్రులారా, ఇవాళ మీ ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ పావుగంటలో ఇచ్చే జవాబు ఒకప్పుడు జీవితకాలపు పని. ఆ సౌకర్యాన్ని హాయిగా వాడుకోండి. కానీ కొత్త కోడ్ చేతికొచ్చిన రోజున విమానం జోలికి పోకండి. ముందు గోళం వేసి, గుస్తావ్ మీ శ్రేణితో మూడు దశల్లోనూ సరిచూడండి. ముక్కల సైజును సగానికి తగ్గించి జవాబు మారుతుందేమో చూడండి. రిపోర్టులో మీ పద్ధతి ఏమి వదిలేసిందో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ అంకెను ఎవరికీ ఇవ్వకండి.